ఉతకని గుడ్డ

దవాఖాన గేటు ముందు మహేశ్వరి కూలబడింది. ఒళ్లో వారం పిల్లాడు. వాడి చేయి ఎత్తి వదిలితే వాలిపోతోంది. ఆ దవాఖాన శ్రీరాంపూర్ అవతల బొగ్గు మీది మట్టి తోడే కాంట్రాక్టు కంపెనీది. ఆమె మొగడు కొండల్ మాతోపాటు ఆ కంపెనీలోనే డంపర్ లారీ నడుపుతాడు. అయినా గేటు తెరవలేదు.

"గిది ఆఫీసర్లకే. పాలు సరిగ్గ తాపుతలేవు. తాపు, పో," అన్నాడు కాంపౌండరు.

తాపింది. ఆ పాలే వాణ్ని చంపాయి.

హైదరాబాద్ చేరేసరికి ఆలస్యమైపోయింది. అక్కడి డాక్టరమ్మ మూత్రపు గుడ్డ వాసన చూసింది. కాల్చిన చక్కెర వాసన. లక్షల్లో ఒకరికి వచ్చే వంశపు రోగమట. పాలలో ఉండే కొన్నింటిని ఒళ్లు అరిగించుకోలేదు, అవి విషమై మెదడుకెక్కుతాయి. పుట్టగానే మడమ నుంచి రక్తపు చుక్క తీసి చూసి, వేరే పాలపొడి పట్టి ఉంటే బతికేవాడట.

చచ్చిన పిల్లాడి గుడ్డ ఇంట్లో ఉంచకూడదంటారు. మహేశ్వరి పారేయలేదు, ఉతకలేదు. చెల్లెలు భూమిక నిండు చూలాలు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ మేనత్త నాగవ్వ కొడుకులనే చేసుకున్నారు. అదే రక్తం.

పని ఆపాలా వద్దా అని మా కార్మికుల క్యాంపులో పెట్టిన మీటింగులో ఆ గుడ్డ అందరి చేతులూ మారింది.

"గీ వాసన యాదుంచుకోండ్రి. బెల్లం వాసనొస్తుందని మురిసిన నేను," నాగవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఒక్క ఇంటి రోగానికి అందరం పని బందు పెట్టాల్నా?" అన్నాడు తోటి డ్రైవరు హనుమండ్లు.

"మీ పిల్లలకు గా గేటు తెరుస్తున్నరా, అన్నా?"

మహేశ్వరి అడిగిన ఆ మాటకు సిగ్గేసింది నాకు. తెల్లారి హనుమండ్లే మొదట డంపర్ తాళంచెవి తెచ్చి గేటు ముందు పడేశాడు. డంపర్లన్నీ ఆగిపోయాయి. క్యాంపులో పుట్టిన ప్రతి బిడ్డకూ రక్తపరీక్ష చేయాలి, గేటు తెరవాలి. అంతే మేం అడిగింది.

మేనేజరు బయటికొచ్చాడు. "మేనరికాలు చేసుకునేది మీరు, నింద మా మీదా?"

"పెండ్లిండ్లు జేసింది నేనే, సారూ. తప్పు నాదే. గందుకు పసిగుడ్డు సావాల్నా?" అంది నాగవ్వ.

జవాబుగా పోలీసు వ్యాను వచ్చింది. కొండల్‌ను ఎక్కించారు. మహేశ్వరిని ఈడ్చుకుపోయారు. పోతూ పోతూ ఆమె గుడ్డను మా గుంపులోకి విసిరింది. అది చేతులు మారి భూమికకు చేరింది. అప్పటికే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. గుడ్డను గుండెకు అదుముకుని గేటుకు వీపు ఆన్చి కూర్చుంది.

"లెవ్వమ్మా, సర్కారు దవాఖానకు తీస్కపోతం," అన్నాడు పోలీసు జమేదారు.

"లెవ్వ. గేటు తెరిస్తే లోపట కంట. తెరవకుంటే ఈడనే కంట. రక్తం సూసేదాంక నా బిడ్డకు పాలియ్య."

ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టారు. మేం ఆమెకు వీపులు తిప్పి, పోలీసులకు ఎదురుగా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డాం.