దీపం పట్టుకున్న పిల్ల

ఆ సినిమా మంచిర్యాలకు వచ్చిందని ఫోన్‌లో చూసి అవ్వకు నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఆ వెంటనే అనిపించింది.

"అక్క సదివిన పుస్తకమేనా?" అంది అవ్వ.

"గదే అవ్వా. తెలుగుల కూడ మాట్లాడిపిచ్చిండ్రట."

"అయితే నేనొస్త."

కన్నతల్లిని మేం అవ్వ అనే అంటాం. మా అవ్వ కనకవ్వ నాలుగేళ్లుగా లక్సెట్టిపేట అంగడికి కూడా పోవడం లేదు. అక్క రోజారాణి చనిపోయిన దగ్గర్నుంచి చాట ముందేసుకుని ఒక్క బీడీ చుట్టలేదు. అలాంటి మనిషి సినిమాకు వస్తానంటే కాదనలేకపోయాను. ఎందుకు వస్తానంటున్నదో నాకు తెలుసు. దీపం పట్టుకున్న పిల్ల సొరంగం దాటి బయటికి వచ్చిందో రాలేదో చూడాలి. అంతే.

అక్క పదో తరగతిలో, నేను అయిదులో ఉన్నప్పటి మాట అది, ఒంటిపూట బడుల రోజులు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా వాడ ఆడవాళ్లందరూ శంకరవ్వ పెద్దమ్మ ఇంటి వాకిట్లో చేరి బీడీలు చేసేవాళ్లు. వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. చదువు వచ్చిన పిల్ల పుస్తకం చదవాలి. ఆ పిల్ల వంతు బీడీలు మిగతావాళ్లు తలా కొన్ని చుట్టిపెట్టాలి. నేను చిన్నదాన్ని కాబట్టి దారం ముక్కలు ఏరుతూ వినేదాన్ని.

అక్క బళ్లో నుంచి తెచ్చిన ఆ పుస్తకం ఎక్కడిదో దూరదేశపు కథ, ఎవరో తెలుగులోకి మార్చినది. ఎత్తైన గోడ కట్టుకున్న ఒక పట్నం. అక్కడ పదిహేనేళ్లు నిండిన పిల్లలను ఏటా తెచ్చి తక్కెట్లో నిలబెడతారు. తూగినవాళ్లు పట్నంలో ఉంటారు. తూగనివాళ్లను గోడ కింది ఉప్పు గనిలోకి తోలేస్తారు. నీరా అనే అమ్మాయి ఆ పిల్లలందరినీ కూడగట్టి ఒక పాత సొరంగంలోంచి తప్పిస్తుంది.

"కార్ఖానల మన బీడీలు ఏరి అవతల పారేసినట్టే ఉన్నది గదనే," అనేది శంకరవ్వ పెద్దమ్మ. "పిల్లలకు ఇంత జొన్న గట్క పోస్తే తూగకపోదురా, వీళ్ల తక్కెడ పాడుగాను!"

నీరా కంటే మా అందరికీ దీపం పట్టుకున్న పిల్ల అంటే ప్రాణం. ఆమెకు పేరు లేదు. జడకు ఎర్ర దారం కట్టుకుంటుంది. ఎక్కువ మాట్లాడదు. గనిలో ఎవరు దారి తప్పినా ఎక్కడి నుంచో వచ్చి పక్కన నిలబడుతుంది. చివరికి అందరూ పారిపోయే రోజున సొరంగం మొదట్లో దీపం ఎత్తిపట్టి ఒక్కొక్కరినే పంపుతూ తను లోపలే ఉండిపోయింది. సరిగ్గా అక్కడ అక్క పుస్తకం మూసింది.

"మిగిలింది రేపు."

మరునాడు బళ్లో పుస్తకాలు తీసేసుకున్నారు. పరీక్షలు అయిపోయాయి. గంత మంచి కథ నడుమ ఇడిచిపెడుతవా, ఏమైందో నోటితోనన్న చెప్పమని పెద్దమ్మ తిట్టింది. అక్క నవ్వింది.

"పుస్తకం సూడకుంట చెప్తే తప్పయితది పెద్దమ్మా."

ఇంటర్ అయ్యాక నర్సింగ్ చదవడానికి కరీంనగర్ పోయింది. రెండో ఏడు వానకాలంలో అక్కడి నుంచే జ్వరంతో వచ్చింది. ఆసుపత్రిలో బరువు చూసే మిషన్ మీద ఆమెను నిలబెట్టినప్పుడు అవ్వ ముల్లు వైపు చూడలేదు, గోడ వైపు తిరిగి నిలబడింది. పదకొండో రోజున అక్కను ఇంటికి తెచ్చుకున్నాం. కూతురి ఆఖరి చూపుకు బాపు మస్కట్ నుంచి వచ్చేదాకా ఉంచలేకపోయాం.

నేను అదే బళ్లో చదువుకున్నా ఆ పుస్తకాన్ని ఎప్పుడూ తెరవలేదు. తెరిస్తే ఆ పిల్ల ఏమైందో తెలిసిపోతుంది. తెలియనంత కాలం ఆమె దీపం పట్టుకుని నిలబడే ఉంటుంది కదా అనుకునేదాన్ని.

మధ్యాహ్నం ఆటకు పోయాం. హాల్లో కాలేజీ పిల్లలే ఎక్కువ. అవ్వ చెప్పులు విప్పి, కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చుంది. తెర మీద గోడ కనిపించింది. తక్కెడ కనిపించింది. నేను మనసులో చూసినదానికంటే చాలా పెద్దది. గనిలోకి పిల్లలను దింపుతుంటే ఉప్పు గోడలు నీలంగా మెరిశాయి. నేను నీరాను చూడడం లేదు. ఆమె వెనక గుంపులో ఒక్కొక్క జడనే వెతుకుతున్నాను.

"వచ్చిందా?" అంది అవ్వ, నా చెవి దగ్గర.

"ఇంకా రాలే."

ఇంటర్వెల్‌లో అవ్వ లేవలేదు. రెండో సగంలో ఒక పిల్లవాడు దారి తప్పాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడే వస్తుంది ఆమె. కానీ నీరాయే వెనక్కి పోయి ఆ పిల్లవాణ్ని భుజాన ఎత్తుకొచ్చింది. చివరికి సొరంగం వచ్చింది. పిల్లలు తలా ఒక దివిటీ పట్టుకుని పరుగెత్తారు. సొరంగం మొదట్లో ఎవరూ లేరు. ఖాళీ రాయి ఒకటి ఉంది, అంతే.

లైట్లు వేశారు. నేను లేచాను.

"జర ఆగు," అంది అవ్వ. "అందరినీ ఎల్లిపోనీ."

అందరూ వెళ్లిపోయారు. అవ్వ తెల్ల తెర వైపు చూస్తూనే ఉంది. ఊడ్చే ఆమె చీపురుతో మా వరసలోకి వచ్చి, "అయిపోయిందవ్వా, ఇంకేం లేదు," అని చెప్పాక లేచింది.

బస్సులో ఇంటికి వస్తుంటే అంది, "సినిమావోళ్లు కోసేసిండ్రు. పుస్తకంల ఉంటది. నువ్వు తెచ్చి సదువు బిడ్డా."

మరునాడు మా ఊరి బడికి పోయాను. అటెండరు మొండయ్య నన్ను గుర్తుపట్టాడు.

"ఏంది జమునా, డిగ్రీకి వొయ్యినంక మా బడి యాదికొచ్చిందా?" అంటూ రేకు పెట్టె తాళం తీశాడు.

అదే పుస్తకం. తెరిస్తే పేజీల మధ్య కుట్టులోంచి తంబాకు పొడి నా ఒళ్లో రాలింది. బడి మెట్ల మీదే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. గోడ ఉంది, తక్కెడ ఉంది, నీరా ఉంది. ఎర్ర దారం ఎక్కడా లేదు. దీపం పట్టుకున్న పిల్ల ఎక్కడా లేదు.

ఉన్నవి పెన్సిల్ గుర్తులు. పేజీ పక్కన, గోరంత దీపం బొమ్మ, వత్తి దగ్గర ఒక చుక్క. ఎవరో దారి తప్పే ప్రతి చోటా ఆ బొమ్మ ఉంది. అక్కడ అక్క అచ్చులో లేనిదాన్ని చదివింది. చేతిలో పుస్తకం ఉంటేనే ఆ పిల్ల పుస్తకంలో ఉన్నట్టు, లేకపోతే అక్క అల్లినదే; నోటితో ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. కథ అంతా అయిపోయాక, ఆఖరి అక్షరం కింద, ఖాళీ కాగితం మీద ఇంకొక దీపం ఉంది. అంటే ఆమె దగ్గర ముగింపు ఉంది. ఏమిటో ఎవరికీ చెప్పలేదు.

ఆ బొమ్మ మీద వేలు పెట్టాను. పెన్సిల్ అంటుకుని వేలు నల్లబడింది. చెరిగిపోతుందని భయపడి తీసేశాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ ఇంట్లో లేదు. శంకరవ్వ పెద్దమ్మ వాళ్ల వాకిట్లో మిగతావాళ్లతో కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, తడిపిన తునికాకు. నాలుగేళ్ల తర్వాత.

"దొరికిందా?" అంది అవ్వ.

"దొరికింది."

"ఉన్నదా గా పిల్ల?"

లేదని చెప్పడానికే నోరు తెరిచాను. కత్తెర ఆగి ఉంది.

"ఉన్నది," అన్నాను.

"సదువు మరి, గట్ల నిలవడ్డవేందే," అంది పెద్దమ్మ. "నీ వంతు బీడీలు మేం చుడుతం. మీ అక్క లెక్క నడుమ ఇడిచిపెట్టినవో, చీపురు తిరిగేస్త."

అరుగు మీద కూర్చుని చివరి పేజీ తీశాను. అచ్చు అయిపోయేదాకా చదివాను. తర్వాత దీపం బొమ్మ దగ్గరికి వచ్చాను. ఆమె బయటికి వచ్చిందని చదువుదామనే అనుకున్నాను. చదివింది మాత్రం ఇది.

"అందరూ దాటిపోయారు. ఎర్ర దారం పిల్ల మాత్రం కదలలేదు. ఆమె చేతి దీపంలో నూనె అడుగంటింది. గని లోపల ఎక్కడో దూరంగా చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. ఇంకా ఎవరో మిగిలారు. ఆమె దీపం మరికొంచెం ఎత్తిపట్టింది."

అక్క ఆగే చోటే ఆగి, అక్కలాగే ఊపిరి తీసుకున్నానని నాకు తెలిసింది. అవ్వ తల ఎత్తలేదు.

"ఎవలే వచ్చేది?" అంది పెద్దమ్మ.

"రాయలేదు పెద్దమ్మా."

అవ్వ బీడీకి దారం చుట్టి, పంటితో తెంపింది.

"ఎవలుంటరు, చెల్లె ఉంటది," అంది. "అది దాటంగ సూడంది ఆమె ఎట్ల కదుల్తది?"

నేను పేజీ తిప్పాను. అటువైపు అట్ట.