ఖంగుమన్న పడవ

కాశిం చెవి గొప్పదని బెజవాడ వన్ టౌన్ అంతా ఒప్పుకునేది. ముప్ఫై ఏళ్లుగా పింగాణీ సామాను కొట్టులో కూర్చున్నవాడు కదా, కప్పును ఎడంచేతి మునివేళ్ల మీద నిలబెట్టి కుడిచేతి వేలి కణుపుతో ఒక్కటి కొట్టేవాడు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో కంటికి ఆనని పగులుంది. ఆ చెవే కన్నకూతుర్ని ముంచుతుందని ఆయనకెవరు చెబుతారు? చెప్పినా వినే రకం కాదు.

కూతురు తబస్సుం 1998లో ఎం.టెక్ చదువుతోంది. గోగునారను రెజిన్ అనే చిక్కటి బంకలో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరిచి, ఆరాక చెక్కలాంటి పలక తీయడం ఆమె పని. పలక ఊరికే వంగిపోతోందని కొట్టులో పగిలిన కప్పులు పట్టుకెళ్లి, మెత్తటి పొడి చేయించి బంకలో కలిపింది. పలక గట్టిపడింది. పారేసే పెంకులకు కూడా చదువులో చోటు దొరికిందని కాశిం పొంగిపోయాడు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ టీ ఇప్పించి మరీ చెప్పాడు.

అలా విన్నవాడే కాశీరావు. నాగాయలంక దగ్గర కృష్ణ పాయల్లో చేపలు పట్టుకునే మనిషి. ఎండుచేపలు అమ్ముకోవడానికి బెజవాడ వచ్చినప్పుడల్లా కాశిం కొట్టు అరుగు మీద కాసేపు కూర్చుని పోయేవాడు.

"నాకో చిన్న పడవ చేసిపెట్టమనండి అమ్మాయిగార్ని. చెక్క పడవకి ఏటా మరమ్మతు చేయించలేక చస్తన్నానండి" అన్నాడు.

తబస్సుం ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ పడవ ఒక్క వర్షాకాలం నీళ్లలో నిలిస్తే చాలు, పీహెచ్‌డీలో చేర్చుకుంటానని ఆమె ప్రొఫెసరు మాటిచ్చాడు.

కొట్టు గొడౌన్‌లో అచ్చు కట్టారు. బంక నూరు పాళ్లకు పొడి పది పాళ్లు అని తబస్సుం అట్టముక్క మీద రాసి గోడకు తగిలించింది. అడుగు పొరలు వేయాల్సిన రోజు ఆమెకు కాలేజీలో పరీక్ష పడింది. "లెక్క ప్రకారం వేయించు నాన్నా" అని చెప్పి వెళ్లింది.

కాశిం ముందుగా చిన్న ముక్క పోయించి, ఆరాక వేలితో కొట్టి చూశాడు. బొంగురుగా పలికింది. ఆయన మొహం చిట్లించాడు. ఇంకాస్త పొడి వేసి మరో ముక్క పోయించాడు. నచ్చలేదు. ముప్ఫై పాళ్లకు వచ్చేసరికి కప్పులాగే ఖంగుమంది. పిల్లకు లెక్కలు తెలుసు గానీ సరుకు తెలిసింది నాకే అనుకున్నాడు. బంక ముద్దకట్టి నారలోకి దిగనంటే పైపైన పూసి నున్నగా దిద్దించాడు. పడవ నిలిచాక నవ్వుతూ చెబుదామని ఆ సంగతి కూతురి దగ్గర దాచాడు.

పడవ మూడు నెలలు బాగానే తిరిగింది. ఒకరోజు కాశీరావు పాయ మధ్యలో లంగరురాయి పైకి లాగి, ఎప్పటి అలవాటు ప్రకారం పడవలోకి విసిరాడు. చెక్క పడవైతే సొట్టపడి ఊరుకునేది. ఇది పింగాణీ కప్పులాగే అడ్డంగా పగిలింది. మునుగుతున్న పడవ అంచు పట్టుకోబోతే పగిలిన మొన అతని కుడి అరచెయ్యిని లోతుగా కోసేసింది. ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు గానీ మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. వల లాగే పని అంతటితో పోయింది.

ఆసుపత్రి వరండాలో తబస్సుం అందరి ముందూ ఏడ్చింది. "తప్పు నాదేనండీ. నా లెక్కే" అంది. కాశిం ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాడు, తర్వాత పండగయ్యాక చెబుదామనుకున్నాడు. ఈలోగా తబస్సుం కాలేజీ ఊసు వదిలేసి స్కూల్లో లెక్కల టీచరుగా చేరిపోయింది. చూస్తుండగానే ఎనిమిదేళ్లు గడిచాయి. అన్నేళ్లూ కూతురి మొహం నిండుగా చూసి మాట్లాడింది లేదు ఆ తండ్రి.

ఒకనాడు కాశీరావు పళ్లేలు కొనడానికి వచ్చి, ఎడంచేత్తో టీ గ్లాసు అందుకుని, వచ్చినప్పుడల్లా అడిగేదే మళ్లీ అడిగాడు.

"అమ్మాయిగారు ఇంకా బాధపడతన్నారాండీ? నా మనసులో ఏమీ లేదని చెప్పండి. చిన్నతనం, లెక్క తప్పుద్ది."

ఈసారి కాశిం తన గ్లాసు పక్కన పెట్టేశాడు. మధ్యాహ్నమే కొట్టు కట్టేసి పటమటలో ఇంటికొచ్చాడు. తబస్సుం పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎదురుగా కూలబడి, కాశీరావు అన్నమాటతో మొదలెట్టి, పది బదులు ముప్ఫై వేయించిన సంగతంతా చెప్పేశాడు.

ఆమె తలెత్తలేదు. "తెలుసు నాన్నా" అంది.

"ఎట్టా తెలుసమ్మా?"

"పగిలిన ముక్కని ఆ వారమే ల్యాబు కొలిమిలో కాల్చా. నారా బంకా కాలిపోతాయి, పింగాణీ మిగులుద్ది. తూకం వేస్తే తెలిసిపోయింది."

"మరి అప్పుడే అడగలేదేం? నీ లెక్క తప్పు కాదని ప్రొఫెసరు గారికైనా చెప్పలేదేం?"

"చెబితే నీ పేరు బయటికొస్తది. నీ అంతట నువ్వే చెబుతావని చూశా. చెప్పుంటే పదిపాళ్లతో మళ్లీ చేసేదాన్ని."

"ఇప్పుడు చెయ్యమ్మా" అన్నాడు కాశిం. "నా కొట్టు అమ్మేసైనా..."

"ఇప్పుడా పని ఎవరెవరో చేసేశారు నాన్నా." తబస్సుం మొదటిసారి తండ్రి మొహంలోకి చూసింది. "నాకేమీ వద్దు. కాశీరావు గారి దగ్గరికెళ్లి చెప్పిరా. కొట్టుకొచ్చినప్పుడల్లా ఆయన నేను చెయ్యని తప్పుకి నన్ను క్షమించి పోతున్నాడు."