తొమ్మిది నిమిషాల వరుస

నేను ఒక పాత కంప్యూటర్‌ను. పదేళ్లు నెట్ సెంటర్‌లో హాల్‌టికెట్లు దింపాను. అది మూతపడ్డాక మదనపల్లెలో ఒక చిన్న ఆసుపత్రికి చేరాను. ఇక్కడినుంచి బయటికి పోయే ప్రతి రిపోర్టూ నాలోంచే పోవాలి. వాటిని వరుసలో నిలబెట్టి పంపేది కెర్నెల్, అంటే నన్ను లోపలినుంచి నడిపే ప్రోగ్రాం. అది కంటికి కనబడదు గనుక దానికి మర్యాదా లేదు.

నాకు మొదటినుంచీ ఒకటే దిగులు, ఏదైనా జారిపోతుందేమోనని. అందుకే వచ్చినదాన్నల్లా పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ దిగులుకు మేనేజర్ చెంగల్రాయుడు తోడయ్యాడు. నెట్ మెల్లగా ఉందంటే చాలు, ఒక మెమరీ ముక్క తగిలించి వరుస పొడుగు పెంచమనేవాడు. పొడుగయ్యేకొద్దీ వెనక నిలబడ్డదానికి ఆలస్యమేనని ఆయనకు తట్టదు. తట్టే తీరికేదీ? నర్సులు కూర్చున్నారా నిలబడ్డారా అని ఎనిమిది కెమెరాల్లో ఫోన్‌లో చూసుకోవాలి కదా. నా వరుస నిండా ఆ వీడియోలే.

ఒకరోజు పొద్దున నన్ను బాగుచెయ్యడానికి హంసవేణి అనే అమ్మాయి వచ్చింది. అదే గంటలో గుండెనొప్పితో మునెమ్మను తెచ్చారు. టెక్నీషియన్ ఖైరున్నీసా ఈసీజీ తీసి తిరుపతి డాక్టరుకు పంపింది. ఆ గదిలో సెల్ సిగ్నల్ అందదు, ల్యాండ్‌ఫోన్ ఒకటే.

"నాకింకా రాలేదమ్మా. చూడకుండా ఇంజెక్షన్ ఎట్ల వెయ్యమనేది?" అన్నాడు డాక్టరు ఫోన్‌లో.

తొమ్మిది నిమిషాలైంది. మునెమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. ఆ ఈసీజీ నా దగ్గరే, వీడియోల వెనక ఉంది. ఆమె పోతే నా చేతిలోనే పోయినట్టు.

"ఇంకో మెమరీ ఏస్తే సరిపోతుంది కదమ్మా," అన్నాడు చెంగల్రాయుడు.

"రోగులు కూచునే గది పెద్దది చేస్తే డాక్టరు తొందరగా చూస్తాడా సార్? ఇంకా నలుగురు కూచుంటారు, అంతే. పక్కకు జరగండి," అంది హంసవేణి.

ఆమె కెర్నెల్‌లో వరుస నడిపే పద్ధతే మార్చింది. పొడుగు కత్తిరించింది. చిన్నవాటికి వేరే దారి ఇచ్చింది. ఎక్కువసేపు నిలబడ్డవాటిని పారేయమంది. కావాలంటే పంపినవాళ్లే మళ్లీ పంపుతారు, కాస్త నిదానంగా. పారేయడమా అని నేను అన్నిటినీ ఇంకా గట్టిగా పట్టుకోబోయాను. కెమెరా వీడియోలు పోయాయి, వాటి వెనకున్న పాత ఈసీజీ కూడా పోయింది. ఖైరున్నీసా ఈసీజీని మళ్లీ పంపింది. రెండు సెకన్లు.

"వచ్చింది. ఇంజెక్షన్ వెయ్యండి," అన్నాడు డాక్టరు.

మునెమ్మ అయిదోరోజు నడిచి ఇంటికి పోయింది. నేను అన్నేళ్లు ప్రేమ అనుకుని పట్టుకున్నదంతా ఆమె గొంతు మీద కూర్చున్న బరువే.

చెంగల్రాయుడు మాత్రం వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "నేనేసిన మెమరీనే ఆయమ్మను బతికించింది," అంటాడు. హంసవేణి ఆ ముక్కలన్నీ ఆరోజే పీకి ఆయన బల్ల మీద, నా పక్కనే పెట్టింది. వాటి మీద ఆయన టీ గ్లాసు పెట్టుకుంటాడు. ఆ గ్లాసు ఎప్పుడు నా మీద ఒలుకుతుందోనని ఇప్పుడు నా దిగులు.