మూడు చుట్లు

శనివారం పొద్దున కమియెల్ గ్యారేజీ షట్టరు ఎత్తాడంటే ఆ ఇంట్లో మధ్యాహ్నం దాకా ఇంకే పనీ జరగదు. కూతురు ఎల్కె నడిపే పందాల డర్ట్ బైకుని లిఫ్ట్ స్టాండు మీదికి తోసి, పక్కనున్న మీటని కాలితో తొక్కుతాడు. రెండు చక్రాలూ నేలని వదిలి బండి గాలిలో నిలబడుతుంది. ఇక గొలుసు, బ్రేకులు, చువ్వలు, నట్లు అన్నీ వరసగా అతని చేతికిందికి రావలసిందే. ముప్ఫై ఏళ్లుగా వడ్రంగి పని చేస్తూ మిల్లీమీటర్లతో కాపురం చేస్తున్న మనిషి. బెల్జియం మొత్తం గాలించినా ఇంత చాదస్తుడు ఇంకొకడు దొరకడని అతని భార్య హిల్డె పెళ్లయిన ఏడాదే తేల్చేసింది.

ఆ శనివారం హిల్డె వంటింటి గుమ్మంలో కాఫీ కప్పులు పట్టుకుని నిలబడిపోయింది. కమియెల్ చేతిలో కొలత టేపు కనబడింది. గురువారం తను మరిచిపోయిన పని అప్పుడు గుర్తొచ్చింది.

ఆరు వారాలుగా నడుస్తున్న దొంగతనం అది. మంగళవారం, గురువారం కమియెల్ సైకిలెక్కి పనికీ, ఎల్కె కాలేజీకీ వెళ్లగానే హిల్డె కూతురి బండిని వ్యానులోకి ఎక్కించి, ఊరవతల ఇసుక ట్రాకుకి వెళ్లి వస్తోంది. ఆమెకి యాభై రెండేళ్లు. ఒకప్పుడు ఆ ట్రాకు మీద పేరున్న మనిషే. పదకొండేళ్ల కిందట పడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి చూస్తే గ్యారేజీలో ఆమె బండి లేదు. కమియెల్ అమ్మేశాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అనని ఆ మాట పదకొండేళ్లుగా లోపలే ఉండిపోయింది.

రేపు ఆదివారం క్లబ్బు పోటీల్లో నలభై దాటిన ఆడవాళ్ల పందెం ఉంది. హిల్డె పేరిచ్చేసింది. రేపు ట్రాకు దగ్గర, ఎల్కె పందెం అయిపోయాక చెబుదామని ఆమె ఆలోచన. ఈరోజే తెలిస్తే కమియెల్ తిట్టడు, వద్దనడు. మాట్లాడకుండా, అన్నం ముట్టకుండా కిటికీ దగ్గర కూర్చుంటాడు. సాయంత్రానికి తనే మెత్తబడి, పోనీలే మానేస్తాను అనేస్తుంది. తన సంగతి తనకి బాగా తెలుసు. అందుకే ఆరు వారాలుగా వాడిన పెట్రోలు మళ్లీ పోసింది, చక్రాల మీద ఇసుక రేణువు మిగలకుండా కడిగింది. వాళ్ల కెంపెన్ ప్రాంతపు సన్నని ఇసుకని కడగడమంటే మాటలు కాదు.

బండి వెనకాల పెద్ద స్ప్రింగు ఉంటుంది. దాని మీది రింగుని బిగిస్తే స్ప్రింగు గట్టిపడి బండి వెనక భాగం లేస్తుంది, వదులు చేస్తే మెత్తబడి కుంగుతుంది. ఎవరు నడిపితే వాళ్ల బరువుకి సరిపోయేలా తిప్పుకోవాలి. హిల్డె ప్రతిసారీ మూడు చుట్లు బిగించి వెళ్లేది, రాగానే మూడు చుట్లు వదులు చేసేది. మొన్న గురువారం బండి కడిగి స్టాండు ఎక్కించి, రింగు తిప్పడానికి సుత్తి అందుకునేసరికి వాన మొదలైంది. ఆరేసిన దుప్పట్ల కోసం పెరట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చి చూస్తే బండి తళతళా మెరుస్తోంది. పని అయిపోయిందనుకుని దీపం ఆర్పేసింది.

కమియెల్ బండిని గాలిలో ఉంచి, వెనక ఇరుసు నుంచి మడ్‌గార్డు మీది గుర్తు దాకా కొలిచాడు. తర్వాత కిందికి దించి, ఒక చేత్తో బండిని పట్టుకుని, ఎల్కె ఎక్కి కూర్చున్నాక రెండో చేత్తో మళ్లీ కొలిచాడు. మనిషి కూర్చుంటే బండి వెనక భాగం కొంత కుంగుతుంది. ఎల్కె కూర్చుంటే నూట అయిదు మిల్లీమీటర్లు కుంగాలి. ఇవాళ తొంభయ్యే కుంగింది. కమియెల్ హిల్డెని పిలిచి, ఆమె కప్పులు బల్ల మీద పెట్టి రాగానే హ్యాండిలు అప్పగించి, తనే వంగి మరో రెండుసార్లు కొలిచాడు. తొంభయ్యే.

ముందు అతను కూతురి తిండి మీద పడ్డాడు. కాలేజీలో ఏమీ తినడం లేదా, సగానికి సగం ఎండిపోయావా అన్నాడు. నిన్న రాత్రి పెద్ద పొట్లం బంగాళాదుంప వేపుళ్లు ఒక్కదాన్నే తిన్నానని ఎల్కె అంది. అప్పుడతను మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి రింగుని పరీక్షించాడు. ఎవరో మూడు చుట్లు బిగించారని, చెక్క ముక్క అడ్డం పెట్టి కొట్టారు కాబట్టి చిన్న గీత కూడా పడలేదని, చేసింది ఎవరో గాని పని తెలిసినవాళ్లేనని అన్నాడు. హిల్డెకి భయంలోనూ కాస్త గర్వం కలిగింది.

"చుట్టుకి అయిదు మిల్లీమీటర్లు. అంటే నీకంటే పన్నెండు కిలోలు బరువైన మనిషి," అన్నాడు కమియెల్. "డెబ్బై నాలుగు కిలోలు."

హిల్డె మొహం కందగడ్డ అయింది. అరవై ఎనిమిదని ఆమె మొగుడితో చెప్పి నాలుగేళ్లయింది.

కమియెల్ అనుమానం నేరుగా డ్రీస్ మీదికి పోయింది. డ్రీస్ ఎల్కె స్నేహితుడు. రొట్టెల దుకాణంలో పని చేస్తాడు, రెండు వీధుల అవతలే ఉంటాడు. బండి వాడికిచ్చావు కదూ అని కమియెల్ అడిగితే, ఇవ్వలేదని ఎల్కె అగ్గి మీద గుగ్గిలమైంది. ఇవ్వకపోతే వాణ్నే పిలువు, కొలుస్తాను, నిజం తేలేదాకా రేపు ఈ బండి వ్యాను ఎక్కదు అన్నాడతను. ఎల్కె కళ్లనీళ్ల పర్యంతమైంది. ఆ పిల్ల శీతాకాలం అంతా ఈ ఆదివారం కోసమే సాధన చేసింది.

డ్రీస్ చొక్కా మీద పిండితోనే వచ్చాడు. ఏం జరుగుతోందో అర్థం కాకపోయినా, కూర్చోమంటే బుద్ధిగా కూర్చున్నాడు. బండి వెనక భాగం నూట ఇరవై నాలుగు కుంగింది. వాడు వాడి రొట్టెలు వాడే తింటాడని అప్పుడు అందరికీ తెలిసింది.

"వీడు కాదు," అన్నాడు కమియెల్. "మరెవడు? ఎల్కే, పేరు చెప్పు."

"నాకు తెలీదు నాన్నా. ఎన్నిసార్లు చెప్పాలి?"

హిల్డె కాసేపు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తన పందెం కోసం కూతురి పందెం పోతోంది. అంతకంటే, చేయని తప్పుకి ఆ పిల్ల మాట పడుతోంది. ఇంకో నిమిషం ఊరుకుంటే తన మొహం తనే చూసుకోలేదు. డ్రీస్‌ని దిగి హ్యాండిలు పట్టుకోమని, ఏప్రను పైకి దోపుకుని బండెక్కి కూర్చుంది.

"కొలుచుకో," అంది.

కమియెల్ ఆమె వంక చూశాడు, టేపు వంక చూశాడు. తర్వాత వంగి కొలిచాడు. సరిగ్గా నూట అయిదు.

ముందు ఎల్కె పక్కున నవ్వింది. ఆ తర్వాత, అమ్మా నువ్వా అని నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. డ్రీస్ తన బూట్లు చూసుకుంటున్నాడు. కమియెల్ పనిముట్ల పెట్టె మీద కూలబడి, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఆరు వారాలని చెప్పింది.

"నేను ఆసుపత్రిలో ఉంటే నా బండి అమ్మేశావు," అంది హిల్డె బండి దిగకుండానే. "నన్ను ఒక్క మాట అడగలేదు. రేపటి పందానికి పేరిచ్చాను. నువ్వు అన్నం మానేసినా సరే, వెళ్తాను."

అనేశాక ఒళ్లంతా తేలికైంది.

"అడిగితే అమ్మనివ్వవని తెలుసు," అన్నాడు కమియెల్. "నువ్వు పడ్డప్పుడు కంచె దగ్గర ఉన్నాను. లేస్తావని చూస్తున్నాను. నువ్వు లేవలేదు. నీకోసం కాదు, నాకోసం అమ్మేశాను హిల్డే. తప్పే."

అతను లేచి ఆమెని దిగమన్నాడు. బండిని మళ్లీ స్టాండు మీదికి తోసి మీట తొక్కాడు. చెక్క ముక్క, సుత్తి తీసుకుని రింగుని వదులు చేయడం మొదలుపెట్టాడు. ఎల్కెకి సరిపోయేలా వెనక్కి తిప్పేస్తున్నాడని హిల్డె అనుకుంది. అంతేలే, ఇక ఏ కిటికీ దగ్గర కూర్చుంటాడో చూడాలి అనుకుంది. రేపెలాగైనా వెళ్తుంది గానీ, ఒక్కతే వెళ్లడమంటే దిగులుగానే ఉంది. కానీ అతను ఒక్క చుట్టు తిప్పి ఆపేశాడు. బండి దించి, ఎక్కు అన్నాడు.

ఈసారి నూట పది వచ్చింది.

"నూట అయిదు ఎల్కె కొలత. అది ముందుకు జరిగి కూర్చుంటుంది," అన్నాడు టేపు చుట్టేస్తూ. "నువ్వు ఇసుకలో వెనక్కి వాలి నడుపుతావు. నీకు మొదట్నుంచీ నూట పదే. దాని పందెం పదకొండుకి, నీది రెండింటికి. మధ్యలో తిప్పడానికి నాకు పది నిమిషాలు చాలు. స్టాండు కూడా వ్యానులో వేద్దాం."

హిల్డె హ్యాండిలు మీద చేతులు అలాగే ఉంచింది. పదకొండేళ్లలో ఈ మనిషి ఆమె బండి పేరైనా ఎత్తలేదు. ఆమె ఎలా కూర్చుంటుందో మాత్రం మిల్లీమీటరు పోకుండా మనసులో ఉంచుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"ఆరు వారాలుగా ప్రతి మలుపులోనూ ముందు చక్రం ఇసుకలో దిగబడిపోతోంది," అంది. "వయసైపోయింది, ఇక నావల్ల కాదేమో అనుకున్నాను."

"వయసుదేముంది," అన్నాడు కమియెల్. "ఒక చుట్టు ఎక్కువ బిగించావు, బరువు ముందుకి పడింది, అంతే."