బేస్తవారం జరిగే గీత

శ్రీపాదరావు అయ్యవారు తెలివైనవాడే, దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఆదోని హైస్కూల్లో సైన్సు చెప్పేది ఆయనే. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లన్నా కడుక్కోకుండా వెనకున్న పాత గొడ్ల కొట్టంలోకి దూరేవాడు. కిటికీలకు ఎమ్మిగనూరు దుప్పట్లు కట్టి, స్పిరిట్ దీపం మంటలో చిటికెడు ఉప్పు రాల్చేవాడు. మంట పసుపుపచ్చగా లేచేది. ఒక రాతిదిమ్మె మీద దీపం, ఇంకో దిమ్మె మీద వెలుతురును రంగులుగా విడదీసే గొట్టం. గొట్టంలో కన్ను పెడితే చీకట్లో ఒక పసుపు గీత, దాని పక్కన, గీత జరిగితే తెలిసేటట్టు ఆయన బిగించిన సన్నటి తీగ.

"ఈ రంగు ఉప్పులో ఉండే అణువు సొంత రంగు, ముత్తమ్మా," అని ఒకరోజు చెప్పినాడు. "ఆదోనిలోనైనా, సూర్యునిలోనైనా మారదంటారు. నిజంగానే మారదా? వెంట్రుకలో నూరో వంతు ఈ గీత జరిగినా, ఎవరూ ఎరగని శక్తి ఏదో దాన్ని తోస్తాందన్నట్టే."

ముత్తమ్మ ఆ ఇంట్లో వాకిలి ఊడ్చి, పెరడూ కొట్టమూ అలికే మనిషి. తను అలికిన నేల మీద అన్నం పెట్టుకొని తినచ్చని ఊరంతా అంటారని ఆమె చెప్పుకొనేది. ఊర్లో ఎవరన్నా అన్నారో లేదో గానీ, ఆమె చెప్పింది మాత్రం అబద్ధం కాదు. దిమ్మెలను ముట్టుకోవద్దని అయ్యవారు కట్టడి చేసినాడు. ముట్టుకోలేదు. వాటి అంచు దాకా చక్కగా అలికి వచ్చేది, అంతే.

1957లో వానలు వెనకబడిన కాలాన అయ్యవారు ఒకరోజు కొట్టంలో నుంచి ఎగురుకుంటా బయటికొచ్చినాడు. "జరిగింది! ముత్తమ్మా, జరిగింది!"

నెల దాటేసరికి ఆ సంగతి బడంతా పాకింది. అమావాస్యకు జరిగిందట, అష్టమికి జరిగిందట, పున్నానికి జరిగిందట, మళ్లా అష్టమికి. ఒకరోజు అటూ ఇటూ. చంద్రుడే అణువును తోస్తాన్నాడని ఆయన తేల్చేసినాడు. పంచాంగం నోటికొచ్చిన ఇంట్లో పుట్టినాడు కదా, నోట్‌బుక్కులో తిథులు రాసుకున్నాడే గానీ వారాలు రాసుకోలేదు! బెంగుళూరులోని సైన్సు పెద్దలకు జాబు కూడా రాసి పెట్టుకున్నాడు. రేపటి అమావాస్యకు ఇంకోసారి చూసుకొని సోమవారం పోస్టు చేయాలని ఆయన లెక్క.

ఆ మాట విన్నప్పుడు ముత్తమ్మకు ఒకటి తట్టింది. అయ్యవారు "జరిగింది" అని అరిచిన ప్రతిసారీ తన చేతులకు పేడ ఉండింది. రేపు బేస్తవారం. అయ్యవారి తల్లి కామాక్షమ్మ దాన్ని గురువారం అంటుంది, మంత్రాలయం స్వామి వారమని వారం వారం ఇల్లూ వాకిలీ కొట్టమూ అలికిస్తుంది.

కోసిగిలో ముత్తమ్మ పుట్టింటి గోడ వానకొక పగులు పగిలేది. నల్లరేగడి ఎండితే నోరు తెరుస్తాది, తడిస్తే ఉబ్బుతాది. ఈ కొట్టం నేలా రేగడే. దిమ్మె ఎత్తుకోకుండా ఏం చేస్తాది? దిమ్మె కదిలితే గీత జరిగినట్టు కనపడదా?

చెబితే తనే చెడగొట్టిందంటారు, పని పోతుంది. చెప్పకపోతే బెంగుళూరోళ్లు ఆయన్ను చూసి నవ్వుతారు. కూలికి పోయే తన కూతురు భీమక్కను పిలిచి బడిలో కూర్చోబెట్టిన మనిషి. ఆయన నవ్వులపాలైతే చూసి ఓర్చుకోవడం తన వల్ల కాదు. కానీ ఊరికే చెబితే నమ్ముతాడా? చంద్రుణ్ణి పట్టుకున్నోనికి పేడ కనిపిస్తుందా!

మరుసటి రోజు ముత్తమ్మ కొట్టం గడప తొక్కలేదు.

"గురువారం పూట కొట్టం అలకవా? ఏం పోయేకాలమే నీకు!" అని కామాక్షమ్మ లేచింది.

"ఆ పాపం నా నెత్తినేసుకుంటా అమ్మా, ఈ ఒక్క వారం ఇడ్సిపెట్టు."

సాయంత్రం అయ్యవారు లోపలికి పోయి ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు మొహం పాలిపోయింది. "జరగలేదు," అన్నాడు. "రేపు జరుగుతుందేమో. ఒకరోజు అటూ ఇటూ..."

"రేపు జరగదు సామీ," అంది ముత్తమ్మ. "శనివారం జరగల్లంటే సెప్పు, నేను జరిపిస్తా."

ఆయన ఆమెను ఎగాదిగా చూసినాడు. కోపం వచ్చింది, దాన్ని మింగినాడు. "జరిపించు, చూస్తా," అన్నాడు.

శుక్రవారం గీత కదల్లేదు. శనివారం తెల్లవారగానే ముత్తమ్మ రెండు బిందెల నీళ్లు ఎక్కువే కలిపి, దిమ్మెల చుట్టూ అలికింది. సాయంత్రం గొట్టంలో కన్ను పెట్టిన అయ్యవారు అట్లే కూలబడినాడు. గీత జరిగింది. ఆ పొద్దు అమావాస్యా కాదు, అష్టమీ కాదు, పున్నమూ కాదు.

"నా సంవత్సరం కష్టమంతా పేడలో కలిసింది కదే!"

"కలవలేదు సామీ. జాబు పోయింటే కలిసేది."

ఆయన జాబు తీసి అడ్డంగా చించినాడు. పెద్దగా నవ్వినాడు కూడా.

ఎమ్మిగనూరు నుంచి కాశప్ప అనే రాతిపనివాడు వచ్చి, రేగడినంతా తోడి, అడుగు బండ తగిలేదాకా తవ్వి దిమ్మెలు నిలబెట్టినాడు. నోట్‌బుక్కులో తిథి పక్కన వారం వచ్చింది, వారం పక్కన 'అలికినది, అలకనిది' అని ఇంకో గడి వచ్చింది. ఆ చలికాలమంతా అమావాస్యలు పోయినాయి, పున్నాలు పోయినాయి, బేస్తవారాలూ పోయినాయి. గీత తీగను అంటుకొని కూర్చుంది.

మాఘమాసంలో ఒకరోజు అయ్యవారు కొత్త కవరు పట్టుకొని పెరట్లోకి వచ్చినాడు. "కదలలేదని రాసినా ముత్తమ్మా. నా గొట్టానికి అందినంత మేర అణువు కదలలేదు. ఇంత గట్టిగా చెప్పగలగడం కూడా ఒక సంగతే. తప్పు నేలదని పట్టిచ్చింది నువ్వని నీ పేరు కూడా రాసినా. పోస్టు చేయనా?"

ముత్తమ్మ చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, కవరు మీద వేలు పెట్టి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"ఈ పొద్దు ఏం వారం?"

"బుధవారం."

"నా పేరుందంటే ఇంకొక్క బేస్తవారం ఆగల్ల సామీ. రేపు బాగా తడిపి అలుకుతా. అప్పుడూ కదలకుంటే నేనే తీస్కపోయి డబ్బాలో ఏస్తా."

అయ్యవారు కవరు మళ్లా జేబులో పెట్టుకున్నాడు.