నల్లద్దం

టిఫిన్ డబ్బాకు మూత పెట్టబోతూ అతను ఆగిపోయాడు. పొయ్యి పక్కన భార్య ఫోన్ ఉంది. దాని తెరమీద కొత్తగా నల్లద్దం. ఎదురుగా పట్టుకున్నవాళ్ళకే అన్నీ కనిపించి, పక్కనుంచి చూసేవాళ్ళకు చీకటి తప్ప ఏమీ కనిపించని రకం. అలాంటివి రోజుకు పాతికదాకా అతికించడమే అతని పని. ఇది మాత్రం తను అతికించింది కాదు.

ఎవరు అతికించారో చూడగానే తెలిసిపోయింది. ఎడమ అంచు వెంట్రుకవాసి పక్కకు జరిగింది. పైమూలన ఆవగింజంత బుడగ. బజారులో తన ఎదురు కొట్టువాడి పనితనం ఎక్కడున్నా అతను పోల్చుకోగలడు.

"ఇదెక్కడ వేయించావు?"

"నిన్న పనినుంచి వస్తూ దారిలో వేయించానండి."

"ఇంట్లో నేను లేనా?"

ఆమె మంట తగ్గించింది.

"అసలు నీకెందుకిది?"

"పక్కవాళ్ళు తొంగి చూస్తున్నారు."

"చూస్తే అందులో ఏముందట?"

"ఏమీ లేదండి. అందుకే." ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. "మీరేమైనా చెప్పాలా నాకు?"

"ఏముంది చెప్పడానికి? బుడగ లేకుండా వేయడం కూడా చేతకాదు వాడికి."

డబ్బా అందుకుని వచ్చేశాడు గాని దారి పొడవునా ఒళ్ళు మండుతూనే ఉంది. వంట చేసేవాడి పెళ్ళాం హోటల్లో భోంచేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి. పైగా ఆ ఫోన్‌ను వాడు చేతిలోకి తీసుకుని ఉంటాడు. నోటితో ఊది, గుడ్డతో తుడిచి ఉంటాడు. ఆ గుడ్డ మీద కూడా అసూయ పుట్టింది.

గడియారాల కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య, చేతులు బారజాపితే రెండు గోడలూ తగిలేంత జాగా అతనిది. నలభై రెండేళ్ళ మనిషి. వంగి వంగి పనిచేయడంతో మెడ ముందుకు సాగిపోయింది. తెరలు తుడిచే స్పిరిట్‌కు బొటనవేళ్ళ చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. అద్దాలన్న అంటారు అందరూ. పని నేర్పిన గురువు అతనికి ఒక్క నియమం పెట్టాడు. చేతిలో ఉన్న ఫోన్ మోగితే తలెత్తి ఫ్యాన్ చూడు, తెర చూడకు. పద్నాలుగేళ్ళుగా అతను ఫ్యాన్ చూస్తూనే ఉన్నాడు. దాని మూడు రెక్కల్లో ఏ రెక్కకు ఎంత దుమ్ము పట్టిందో అతన్నడిగితే చెబుతాడు.

ఇంటి ఫోన్ విషయంలో ఆ ఫ్యాన్ గుర్తుకు రాలేదు. మూడేళ్ళ కిందట భార్యకు కొత్త ఫోన్ సర్దిపెడుతూ, ఆమెకు వచ్చే మెసేజీలూ ఆమె పంపేవీ కొట్లోని పాత ట్యాబ్‌లో కూడా కనిపించేలా కలిపేశాడు. అప్పట్లో ఆమె కొత్తగా దర్జీ కొట్లో గుండీలు కుట్టే పనిలో చేరింది. నవ్వుతూ ఇంటికి వచ్చేది. ఆ నవ్వు ఎవరి చలవో తెలుసుకోవాలనుకున్నాడు, అంతే. మనసు కుదుటపడగానే తీసేద్దామనుకున్నాడు. అది కుదుటపడే మనసు కాదు.

ఆ రోజు ఒక్కో బేరం అవగానే సొరుగు లాగి ట్యాబ్ చూశాడు. నెల రోజుల మాటలు మళ్ళీ మొదటినుంచి చదివాడు. అక్కతో మోకాళ్ళ నొప్పుల కబుర్లు. దర్జీ కొట్టు ఆవిడకు 'ఊదా దారం అయిపోయింది'. తను పంపిన 'తిన్నావా', దానికి ఆమె 'తిన్నాను, మీరు?' అన్న జవాబు. ఏదైనా దొరికితే తిట్టుకుని ఊరుకునేవాడేమో. ఏమీ దొరక్కపోవడమే అతన్ని తినేస్తోంది.

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. ఫోన్ ఇవ్వడానికి కూడా వెనకాడింది.

"అన్నా, నా మెసేజీలు ఎవరో చదువుతున్నారనిపిస్తోంది. ఎలా తెలుస్తుంది?"

"ఇటు చూడమ్మా. ఇక్కడ నొక్కితే, నీ మెసేజీలు ఇంకెక్కడెక్కడ తెరిచి ఉన్నాయో వరసగా చూపిస్తుంది. తెలియనిది కనబడితే తీసెయ్. లాక్ నంబరు కూడా మార్చుకో. ఎవరికీ చెప్పకు, ఇంట్లోవాళ్ళకైనా సరే."

"మీరు కాబట్టి చెప్పారన్నా."

"ఈ పనిలో ఉన్నవాళ్ళం ఎవరమైనా చెబుతామమ్మా," అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. ఎదురు కొట్టువైపు చూశాడు. వాడు ఎవరిదో ఫోన్ తుడుస్తున్నాడు. తలెత్తి పైకి చూస్తున్నాడు. వాడికీ ఒక ఫ్యాన్ ఉంది.

సాయంత్రం షట్టర్ సగం దించుతుండగా సొరుగులో ట్యాబ్ మోగింది. ఆమె అక్కకు రాస్తోంది.

'అక్కా, బస్సెక్కాను.'

కింద ఇంకొకటి వచ్చింది. 'ఇది ఆయన కూడా చదువుతారు. మూడేళ్ళుగా చదువుతున్నారట. నిన్న అద్దం వేసినతను చూపించాడు, కొట్లో ట్యాబ్ పేరూ తేదీతో సహా.'

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తెరమీద ఇంకో మెసేజీ వచ్చింది.

'ఏమండీ, అన్నం డబ్బాలో ఉంది. పొద్దున మీరే చెబుతారేమోనని చూశాను. మీరు బుడగ గురించి చెప్పారు. దాచుకునేది నా దగ్గర ఏమీ లేదని నాకన్నా మీకే బాగా తెలుసు. అయినా అవి నా మాటలండీ.'

జవాబు రాయబోయాడు. ఆ పెట్టెలో ఏం రాసినా అది ఆమె పేరుమీద ఆమె అక్కకే పోతుందని గుర్తొచ్చి వేలు ఆగిపోయింది. అంతలోనే మాటలన్నీ మాయమై తెర ఖాళీ అయింది. కొత్తగా ఫోన్ కలపమని అడుగుతోంది.

తన ఫోన్‌నుంచి పిలిచాడు. మోగింది గాని ఆమె ఎత్తలేదు. ఎదురు కొట్టువాడు చెయ్యెత్తి, "ఏం అన్నా, తొందరగా కట్టేస్తున్నావు?" అన్నాడు. వాడి గొంతులో ఏ పాపమూ లేదు.

ఇల్లు ఊడ్చి ఉంది. కొక్కేనికి ఆమె సంచి లేదు. వంటగట్టు మీద అన్నం డబ్బా, దాని మూత మీద నల్లద్దం. పెళ్ళైన కొత్తలో కొట్లో పక్కన కూర్చోబెట్టుకుని తనే నేర్పాడు, ఒక మూల గోరుపెట్టి ఊపిరి బిగబట్టి లేపితే అద్దం పగలదని. ఎక్కడా చిన్న చీలిక కూడా లేదు, మూలన ఆమె బొటనవేలి ముద్ర మాత్రం ఉంది.