బడి బోరు నీళ్లు

పొద్దున టీ గ్లాసులు కడుగుతూ ఎక్కడో చూస్తున్నానని మా ఆయన నజీర్ అన్నాడు, "సీసాలు కడిగే ఉద్యోగానికి అంత ఆలోచన ఏమిటికి?" పెళ్లయి తొమ్మిదేళ్లు. పెనుకొండ నుంచి రోజూ హిందూపురం కాలేజీ ల్యాబుకు పోయి నేను చేసేది ఆయన లెక్కలో అంతే.

నల్లమాడ దగ్గర ఒక బడి బోరు గురించి నా ఆలోచన. మా ల్యాబు దుర్గాప్రసాద్ సార్ తాగునీళ్లలో ఫ్లోరైడ్ మీద పరిశోధన చేస్తున్నారు. కొలిచేది నేను, పేరు ఆయనది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ నీళ్లను ఐదుసార్లు కొలిస్తే మూడుసార్లు లోపల, రెండుసార్లు పైన వచ్చింది. సగటు మాత్రం హద్దుకు పిసరంత తక్కువ. సగటు రాసి, తాగొచ్చు అని పెట్టెయ్యమన్నారు సార్. తేడాలు చూపిస్తే మన పనినే నమ్మరట.

ఆ మాట నాకు కొత్త కాదు. నాకు కడుపు పోయినప్పుడు మా అత్త రహమత్‌బీ నేర్పింది, ఎవరడిగినా బాగుండానని చెప్పమని. ఒక్కోరోజు బాగుంటాను, ఒక్కోరోజు లేవలేను. నేను అందరికీ చెబుతూ వచ్చింది సగటే.

మధ్యాహ్నం ఆ బడి పెద్ద టీచర్ ప్రమీలమ్మ వచ్చింది. పిల్లల పళ్లు గారపడుతున్నాయని ఆమె భయం. సార్ క్లాసులో ఉన్నారు.

"తాగొచ్చామ్మా?"

"ఖాయంగా చెప్పలేను మేడం. ఐదింట్లో రెండుసార్లు ఎక్కువొచ్చింది. మళ్లీ కొలిచేదాకా తాగనీయొద్దు."

"ఇట్లా విడమరిచి చెప్పినోళ్లు ఎవరూ లేరు," అంటూ ఆమె బడికి ఫోన్ చేసి కొళాయి కట్టేయించింది.

సార్ వచ్చాక, నేను ఆమెకు చెప్పింది విని కోపం చేశారు. ఐదు కొలతలూ, వాటి మధ్య తేడా రాసి, కింద నా సంతకం పెట్టిన కాగితం ముందు పెట్టాను. ఇది లేకుండా నా అంకెలు వాడొద్దన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన అది చదివి, మళ్లీ నీళ్లు పట్టుకొచ్చేదెవరని విసుగ్గా అడిగారు. నేనే తెస్తానన్నాను.

ఇంటికొచ్చి, రేపు తెల్లారే నల్లమాడ బస్సెక్కుతానని, వంట చూసుకోమని నజీర్‌కు చెప్పాను.

"ఎవరు పంపిస్తాండారు?"

"ఎవరూ పంపించలేదు. నేనే పోతాండా."